పక్కింటాయన డ్యూటీ

మా పుట్టింట్లో పని అనే మాట ఒక్కటే ఉండేది. నాట్లు వేయడమూ పనే, పేడ ఎత్తడమూ పనే. అరవైల చివర పెళ్లయి గోదావరిఖని వచ్చాకే డ్యూటీ అనే మాట నా చెవిన పడింది. ఇక్కడ మగవాడు పనికి పోడు, డ్యూటీకి పోతాడు. డ్యూటీ నుంచి వచ్చినవాడు పడుకుంటే వాడలో పిల్లలు గట్టిగా ఏడవకూడదు. ఆఖరికి పొదిగే కోడిని కూడా డ్యూటీలో ఉందనేవారు. మా ఊళ్లో ఎద్దు ఇంతకంటే ఎక్కువే చేస్తుంది, ఏనాడూ ఆ మాట అనలేదని నేను వెక్కిరించేదాన్ని.

మా క్వార్టర్ల వరసలో ఉండే బడిపంతులు ఒకసారి విడమరిచి చెప్పారు. ఆ మాట 'డ్యూ' నుంచి పుట్టిందట, అంటే ఒకరికి తీర్చవలసింది. తర్వాత కర్తవ్యం అనే అర్థం వచ్చిందట. మన దగ్గరికొచ్చేసరికి బొగ్గుబాయిలో ఎనిమిది గంటలైంది. ఎవరికి బాకీపడ్డామని రోజూ భూమిలోకి దిగాలని అడిగాను.

ఒకరోజు మా ఆయన పొద్దుటి షిఫ్టు చేసి వచ్చి, అన్నం తిని, మళ్లీ బూట్లు వేసుకున్నాడు. పక్కింటాయన తండ్రి చనిపోతే భార్యను తీసుకుని బెల్లంపల్లి వెళ్లాడు. అప్పటికే ఆయనకు నాగాలు ఎక్కువై, ఇంకొకటి పడితే పేరు కొట్టేస్తామన్నారు. ఇలాంటప్పుడు ఒకరి హాజరు బిళ్ల తీసుకుని ఇంకొకరు బాయిలోకి దిగడం వాళ్లలో వాళ్లకు మామూలే. బిళ్ల మీద ఎవరి నంబరుంటే లోపల వాడున్నట్టే లెక్క. దొరికితే మాత్రం ఇద్దరి కొలువులూ పోతాయి. నేను ఒంటికాలి మీద లేచాను.

"నాకు జరమొచ్చిన్నాడు వాడు దిగిండు. గిప్పుడు నేను దిగకుంటె ఎట్లనే?" అని వెళ్లిపోయాడు.

రెండు గంటలు గడవకముందే సైరన్ మోగింది. అది షిఫ్టు మారే వేళ కాదు. పొయ్యి మీద కూర అలాగే వదిలేసి బాయి దగ్గరికి పరుగెత్తాను. లోపల కప్పు కూలిందన్నారు. కొత్తగా వచ్చిన గుమాస్తా బిళ్లల నంబర్లు చూసి, చిక్కుకున్న ముగ్గురి పేర్లు చదివాడు. మూడోది పక్కింటాయన పేరు.

అది మా ఆయనే అని గొంతుదాకా వచ్చింది. ఆ మాట అనేస్తే, ప్రాణంతో బయటికొచ్చినా కొలువుండదు. ఏడిస్తే, నీకేమైందని అడుగుతారు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా వాడ ఆడవాళ్లకు అర్థమైంది. వచ్చి నా చుట్టూ నిలబడ్డారు గానీ ఒక్కరూ నోరు విప్పలేదు. మా ఆయన మీద, పక్కింటాయన మీద, చివరికి ఆ పోయిన ముసలాయన మీద కూడా నాకు పట్టరాని కోపం వచ్చింది.

దీపాలు పెట్టే వేళకు పైకి తెచ్చారు. ఇద్దరు నడిచొచ్చారు. మూడోవాడు స్ట్రెచర్ మీద ఉన్నాడు. మొహమంతా బొగ్గు, కాలు నుజ్జయింది, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. గుమాస్తా కాగితం పట్టుకుని పక్కింటాయన పేరు చెప్పి, ఈయన తాలూకు ఎవరున్నారని అడిగాడు. నేను ముందుకు వెళ్లాను.

"నువ్వేమైతవమ్మా?"

"పక్కింటిదాన్ని."

మా ఆయన విన్నాడు. స్ట్రెచర్ ఎత్తుతుంటే చెయ్యి చాచి నా వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు. గుమాస్తా చూస్తున్నాడు. ఒక్కో వేలూ విడిపించుకున్నాను.