నోరు తెరిచి అడిగిన చేపలు

ఆళ్లగడ్డలో నేను అద్దెకున్న గదికి రెండు తలుపులు. ఒకటి వీధిలోకి, ఇంకొకటి ఇంటి ఓనరమ్మ పడసాలలోకి, అంటే వాళ్ళ వసారాలోకి. ఆ రెండో తలుపుకు నా వైపు ఒక గడియ, ఆమె వైపు ఒక గడియ. నేను సామాను దించుకున్న రోజే అటువైపు గడియ బిగించిన చప్పుడు వినబడింది. నేనేం తక్కువ తిన్నానా, ఇటువైపు నేనూ బిగించాను.

డెబ్భైల చివరి మాట ఇది. నంద్యాలలో పుట్టి, అక్కడే చదివి, అక్కడి బడిలోనే పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని బదిలీ మీద ఆళ్లగడ్డకు వచ్చాను. ముప్పై దాటాయి, పెళ్ళి కాలేదు. కాలేదంటే ఏదో ఘోరం జరిగినట్టు వినబడుతుంది గానీ, చేసుకోలేదు, అంతే. నాయన పోయాక నంద్యాల ఇల్లు అన్నతో, వదినతో, వాళ్ళ పిల్లలతో నిండిపోయింది. నేనున్నా లేకున్నా ఆ ఇంటికి ఒకటే అని నాకు బాగానే తెలుసు. అందుకే ఆర్డరు రాగానే ఎవరినీ బతిమాలుకోకుండా పెట్టె సర్దుకున్నాను.

ఓనరమ్మకు యాభై దాటి ఉంటాయి. పొలాలు, ఎద్దులు, జీతగాళ్ళు ఉన్న పెద్ద కుటుంబం. పిల్లలు లేరు. ఆమె భర్త, ఆ పెద్దాయనకు అవుకు దిక్కు పల్లెలో రెండో సంసారం ఉండేది. పంట ఇంటికొచ్చే రోజుల్లో మాత్రం బండి మీద వచ్చి, మూటలు దింపించి, అన్నం తిని వెళ్ళిపోయేవాడు. ఆయన వచ్చిన రోజు ఆమె మామూలుకంటే తక్కువ మాట్లాడేది. మామూలు రోజుల్లో మాత్రం ఏం మాట్లాడేదని! నోరు తెరిస్తే కత్తి, మూస్తే తాళం.

మేము క్రైస్తవులం, ప్రార్థనకు పోయేవాళ్ళం. మా చేతి నీళ్ళు తాగే మనిషి కాదు ఆమె. ఆ సంగతి ఆమె దాచలేదు, నేను అడగలేదు. పెరట్లో బావి నుంచి ఆమే చేదుకుని నా బిందెలో పైనుంచి పోసేది. చేంతాడు నన్ను ముట్టనిచ్చేది కాదు. మొదటి ఏడాది క్రిస్మసుకు కజ్జికాయలు, అరిసెలు పళ్ళెంలో పెట్టుకుని పోతే, "ఆడ గట్టు మీద పెట్టి పో టీచరమ్మా" అంది. సాయంత్రం వాటిని జీతగాళ్ళు తింటూ కనబడ్డారు. బాగున్నాయన్నారు. మరుసటి ఏడు నేను ఏమీ చేయలేదు.

అయితే ఒకటి చెప్పాలి. ఆమె వాకిట్లోంచి ఖాళీ కడుపుతో పోయినవాళ్ళు లేరు. దాసర్లు, బుడబుక్కలవాళ్ళు, బిచ్చగాళ్ళు, చివరికి వీధికుక్క వచ్చినా సంగటి ముద్ద పడాల్సిందే. వాళ్ళకోసం రోజూ కొంచెం ఎక్కువే కెలికేది. "వాకిట్లోకొచ్చి నోరు తెరిచినోళ్ళకు లేదనగూడదు" అనేది. ఆమెకున్న వేదాంతమంతా ఆ ఒక్క మాటే. కిటికీలోంచి ఆ పెట్టడం చూస్తూ, నేనూ బిచ్చగత్తెనై వచ్చి ఉంటే ఈమె కాస్త నా మొహం చూసేదేమో అనుకునేదాన్ని.

చేపలు నా దగ్గరికి రావడానికి కారణం పన్నునొప్పి. నంద్యాలలో ఒక డాక్టరు దగ్గరికి పోతే, బయట బెంచీల ఎదురుగా గాజుతొట్టి, అందులో బొగ్గులాంటి నల్లటి చేపలు. నా వంతు వచ్చి పిలిచినా నేను లేవలేదట. కంపౌండరు నవ్వి, "కావాలంటే తీసుకపో టీచరమ్మా, ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. పెట్టడానికి చోటు లేక చస్తాండాం" అన్నాడు.

తొట్టి చేయడానికి పటాలు కట్టే అంగడికి పోయాను. ఆ అంగడాయన జీవితమంతా దేవుళ్ళకు, పెళ్ళిళ్ళకు, పోయినవాళ్ళకు గాజు బిగించినవాడు.

"ఏ పటం?" అన్నాడు తల ఎత్తకుండా.

"పటం కాదన్నా, చేపలకు."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను బాగా చూశాడు. తర్వాత ఇనుప చట్రం చేయించి, గాజులు దించి, లప్పం పెట్టి ఇచ్చాడు. ఒక మూల కారింది. మళ్ళీ లప్పం పెట్టాడు. ఇంకో మూల కారింది. "దేవుళ్ళకు ఈ పీకులాట లేదమ్మా" అని విసుక్కుంటూనే చివరికి సరిచేశాడు.

చేపల్ని పాలక్యానులో పోసుకుని, మూతకు బదులు తడిగుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. తొట్టి కాళ్ళ దగ్గర. శిరివెళ్ళ దాటాక కండక్టరు వంగి చూసి, "ఏంది టీచరమ్మా, పాలా?" అన్నాడు.

"చేపలు."

"ఆళ్లగడ్డలో దొరకవా? కూరకు ఇంత దూరం మోసుకపోతాండావ్!"

బస్సంతా నవ్వింది. ఆ మాట తర్వాత నేను వినని చోటు లేదు. బడిలో హెడ్మాస్టరు మొదలుకుని పాలామె దాకా అందరూ, "కూర ఎప్పుడు టీచరమ్మా?" అనేవాళ్ళే. పెంచుకోవడానికి అంటే అర్థమయ్యేది కాదు. కోడినైతే గుడ్డుకు పెంచుతారు, ఆవునైతే పాలకు. చేపను ఊరికే ఎవరు పెంచుతారు? చూసుకోవడానికి అని చెప్పడానికి నాకే సిగ్గేసేది.

ఆ ఊర్లో బావినీళ్ళు ఉప్పన. తాగడానికి మంచినీళ్ళు బండి మీద వచ్చేవి. నేను తాగడం తగ్గించుకుని మరీ ఆ మంచినీళ్ళు తొట్టిలో పోశాను. చేపలు అడుగున ముడుచుకుని, రెక్కలు దగ్గరికి పెట్టుకుని, పుట్టింటి నుంచి పంపేసిన కోడళ్ళలాగా కదలకుండా ఉండిపోయాయి. మళ్ళీ నంద్యాల పోయినప్పుడు కంపౌండరును అడిగితే తల కొట్టుకున్నాడు. ఈ జాతికి కాస్త ఉప్పు తగలాలట. వచ్చి ఓనరమ్మ బావినీళ్ళే పోశాను. చూస్తుండగానే తొట్టంతా ఈదులాడాయి. ఆళ్లగడ్డ నీళ్ళు నాకంటే ముందు వాటికి ఒంటబట్టాయి.

అప్పటినుంచి నా సాయంత్రాలు మారిపోయాయి. బడి నుంచి వచ్చి తాళం తీసి లోపలికి అడుగు పెట్టగానే, చేపలన్నీ ఒక్కసారిగా గాజు దగ్గరికి వచ్చి నా వైపు తిరిగేవి. తిండి కోసమేనని తెలియనంత పిచ్చిదాన్ని కాదు. అయినా వచ్చేవి. నేను కుర్చీ ఇటు జరిపితే ఇటు, అటు జరిపితే అటు. ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడం అనుకుంటారు. నాకు బడి నిండా మనుషులే. ఇంటికి వచ్చినప్పుడు ఒక్క మొహమూ మన వైపు తిరగకపోవడమే ఒంటరితనం. ఆ నల్లచేపలు ఆ లోటు తీర్చాయి. వాటితో మాట్లాడేదాన్ని కూడా. హెడ్మాస్టరు మీద చాడీలన్నీ వాటికే చెప్పాను.

క్రిస్మసు సెలవులు వచ్చాయి. ఎంతైనా పండగకు నంద్యాల పోకపోతే అన్నతో మాట పడాలి. కానీ వీటిని ఎవరికి అప్పగించను? క్యానులో మళ్ళీ ఊపుకుంటూ తీసుకుపోతే చస్తాయి. ఆలోచించి ఆలోచించి, బావి దగ్గర ఓనరమ్మను అడిగాను. ఆమె చేదతో సహా ఆగింది.

"నేనా? నీ ఇంట్లోకా?"

"పొద్దున ఒక్క చిటికెడు నూక వేస్తే చాలమ్మా. చిటికెడంటే చిటికెడే. ఎక్కువైతే నీళ్ళు చెడిపోతాయి."

"ఎద్దుల్ని మేపిన చేతులివి. నాకు చెప్తాండావా?" అంది. ఒప్పుకున్నట్టో కాదో తెలియలేదు. పోయేముందు నా వైపు గడియ తీసి పెట్టాను. బస్సులో కూర్చున్నాక, ఆమె తన వైపు గడియ తీయకపోతే ఎట్లా అని ఒకటే దిగులు.

నంద్యాలలో పండగ బాగా జరిగిందనే చెప్పాలి. ప్రార్థన గుడి నిండా జనం, కొత్తబట్టల వాసన, అందరి చేతుల్లో పాటల పుస్తకాలు. అన్నపిల్లలు "అత్త వచ్చింది" అని అరిచి, నా సంచి వెతికి, బిస్కెట్లు తీసుకుని ఆటకు పోయారు. వదిన ముందుగదిలో ట్రంకుపెట్టెల పక్కన చాప వేసింది. చుట్టాలంతా "ఒక్కదానివే ఆడ ఏం చేస్తాండావ్?" అని అడిగారు, జవాబు వినకుండానే ఇంకొకరిని పలకరించారు. నేను పుట్టిన ఇంట్లో నీళ్ళగ్లాసు ఎక్కడుందో వదినను అడగాల్సి వచ్చింది. ప్రార్థనలో తల వంచుకున్నప్పుడు నేను దేవుణ్ణి అడిగింది చేపల గురించే. నవ్వుకుంటే నవ్వుకోండి.

సెలవులు ఇంకా మిగిలి ఉండగానే ఆళ్లగడ్డ బస్సెక్కాను. తాళం తీయగానే వాసన కొట్టింది, పులిసిన గంజి వాసన. తొట్టిలో నీళ్ళు తెల్లగా చిక్కబడి ఉన్నాయి. అడుగున మెతుకులు, రొట్టె తునకలు, సంగటి ఉండలు. నా వైపు తిరగడానికి ఒక్క చేపా లేదు.

పడసాల తలుపు తెరిచే ఉంది. గడప అవతల ఓనరమ్మ నిలబడి ఉంది.

"యాడున్నాయి?" అన్నాను.

"మల్లెచెట్టు మొదట్లో పూడ్చి పెట్టినా. పిల్లి తినకూడదని పైన రాయి పెట్టినా. పసుపు కుంకుమ ఏసినా."

"చిటికెడే వేయమంటి గదా! ఏం పెట్టినావ్ వాటికి? మనుషులు తినే కూడంతా ఎందుకు పోసినావ్?" అని అరిచాను. కోపంలో ఆమెను నువ్వు అంటున్నానని కూడా తెలియలేదు.

ఆమె ఎదురు మాట్లాడలేదు. అదే నాకు వింత. "మొదట చిటికెడే ఏసినా" అంది. "అయిపోయినాక నా పక్కే చూస్తాండె. నేను ఈడికొస్తే ఈడికి, ఆడికిపోతే ఆడికి. ఇంకొంచెం ఏసినా. తర్వాత అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి, తెరిచి అడుగుతాండె. పెట్టేకొద్దీ అడుగుతాండె. నోరు తెరిచి అడుగుతాంటే ఎట్ల లేదనేది?"

నీళ్ళు చెడిపోతే చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఊపిరాడక. అది అన్నం అడగడం కాదు, పెట్టొద్దని మొత్తుకోవడం. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను. తలుపు మాత్రం దడాలున వేశాను. గడియ పెట్టానో లేదో గుర్తులేదు.

తొట్టి కడిగి బోర్లించాను. ఏడ్చాను. చేపలకోసం ఏడ్చే ఆడమనిషిని చూస్తే నాకే నవ్వొచ్చేది, అయినా ఏడ్చాను. మరునాడు పొయ్యి వెలిగించ బుద్ధి కాలేదు. ఎవరికి వండాలి? మంచం మీద అట్లాగే కూర్చున్నాను.

మధ్యాహ్నం పడసాల తలుపు కదిలింది. ఓనరమ్మ ఒక చేత్తో అన్నం గిన్నె, ఇంకో చేత్తో పప్పు పట్టుకుని, మోచేత్తో తలుపు నెట్టుకుని లోపలికి వచ్చింది. గడపలో ఆగలేదు. నేలమీద పెట్టి తానూ చతికిలబడింది.

"పొయ్యి ముట్టియ్యలేదు గదా?" అంది.

"లేదు."

"ముట్టియ్యకూడదు. చావు జరిగిన ఇల్లు."

పప్పుకు తాలింపు లేదు. మా దిక్కు చావింటికి ఇరుగుపొరుగు తెచ్చే పప్పు అదే. నేను ఆమె వైపు చూశాను. ఎగతాళి లేదు. నాయన పోయినప్పుడు కూడా ఇంత నిజంగా ఎవరూ నా ముందు కూర్చోలేదు.

"నువ్వు తిన్నావా?" అన్నాను. నోట్లోంచి మళ్ళీ నువ్వే వచ్చింది.

"నిన్నటినుంచి లోపలికి పోతే గదా." తొట్టి బోర్లించిన చోటు చూస్తూ అంది: "ఈ ఇంటికి కోడలై వచ్చిననాటి నుంచి ఊరంతటికీ పెట్టినా పాపా. పెట్టించుకుని పొయినోళ్ళే గానీ, నేను వస్తాండానని నా పక్కకు తిరిగినోళ్ళు లేరు. అవి తిరిగినాయి. రోజంతా ఈ గదిలోనే కూర్చున్యా."

టీచరమ్మను పాపా అనడం అదే మొదటిసారి. నేను లేచి రెండో కంచం తెచ్చాను. నా కంచం. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, చేయి చాపి దగ్గరికి లాక్కుంది. ఇద్దరం కలిసి తిన్నాం. పప్పు చప్పగా ఉంది.

నాలుగు ముద్దలు తిన్నాక ఆమెకు పొలమారింది. దగ్గు ఆగలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను నెత్తిమీద తడుతూ, అలవాటు కొద్దీ, "ఎవరో తలుచుకుంటాండారు" అన్నాను.

"నన్నా?" అంది దగ్గు మధ్యలోనే. "నన్ను తలుచుకునేటివి మల్లెచెట్టు కింద ఉండాయి గదా."

మూలనున్న నా కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి, ఇవ్వొచ్చో ఇవ్వకూడదో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. ఆమె కళ్ళు తుడుచుకుని, చేయి చాపి, గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. గటగటా తాగింది. ఖాళీ గ్లాసు మళ్ళీ నా ముందుకు పెట్టింది.

"ఇంకొంచెం పోయ్" అంది.