ఇసుక అంగీకి తెల్ల పోగులు

పోయిన వేసవి నుంచి చెప్తున్నాను, ఒక్కరూ చెవిన పెట్టలేదు. విని నవ్వినవాళ్ళు గుర్తున్నారు, వినకుండా ఫోన్ చూసుకున్నవాళ్ళూ గుర్తున్నారు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

ఎల్లారెడ్డి దగ్గర మా పొలం వాగు ఒడ్డునే. చిన్నప్పుడు వాగులో రాయి తిప్పితే అడుగున సన్నని గొట్టాలు అంటుకొని ఉండేవి. ఒక్కో దాంట్లో ఒక పురుగు. నోటి నుంచి తీసిన దారంతో ఇసుక రేణువులను అతికించి గూడు కట్టుకుంటుంది, తర్వాత రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. మేము దాన్ని ఇసుక అంగీ పురుగు అనేవాళ్ళం. గాలానికి అదే ఎర.

చలికాలంలో, యాసంగి నాట్లకు ముందు వాగుకు అడ్డుకట్ట వేస్తాం. ఇంటికొక మనిషి పోవాలి, పోకపోతే ఆ ఇంటి మడికి నీళ్ళు చివరన వస్తాయి. మా బాపు కాలంలో రాళ్ళు, తంగేడు కొమ్మలు, మట్టితో కట్టేవాళ్ళు. ఇప్పుడు యూరియా సంచుల్లో ఇసుక నింపి పేరుస్తున్నారు. మనుషులను పిలిచి పని నడిపించేది మా అక్క భర్త. కోతలయ్యాక ఆ సంచులను ఎవరూ తీయరు. ఎండకు పెళుసెక్కి ముట్టుకుంటే రాలుతాయి. తొలి వరద కట్టను తీసుకుపోతే వాగు శుభ్రమైందనుకుంటారు.

పోయిన వేసవిలో కట్టకు దిగువన రాయి తిప్పి చూశాను. గూళ్ళలో ఇసుకతోపాటు తెల్ల పోగులు, సంచి మీది అక్షరాల ఆకుపచ్చ ముక్కలు. కట్టకు ఎగువన ఉన్నవన్నీ ఇసుక గూళ్ళే. రెండు రకాలనూ పళ్ళెంలో పెట్టి నీళ్ళు పోశాను. ఇసుక గూడు కదలలేదు, తేలికైన తెల్లది కొట్టుకుపోయి అంచుకు తగిలింది. అట్లా కొట్టుకుపోయినదాన్ని చేప గూడుతో సహా మింగుతుంది. ఆ చేపనే మేము వండుకుంటాం.

బావకు చూపించాను. కట్ట మీద అందరి ముందు అన్నాడు:

"ఏంది బామ్మర్దీ, గీ పురుగులకు సర్కారు డబుల్ బెడ్రూం ఇండ్లు ఇప్పిస్తవా?"

"నవ్వకు బావా. వానలు పడకముందే సంచులు తీద్దాం."

"మనం తీసుడెందుకు? వాగే తీస్కపోతది గద!"

"యాడికి తీస్కపోతది?"

బావ బీడీ ముట్టించాడు.

పురుగులను స్టీలు గ్లాసులో వేసుకొని కామారెడ్డిలో నీటిపారుదల ఆఫీసుకూ పోయాను. గ్లాసు బల్ల మీద పెట్టి, సారు ఉన్నాడేమో చూసి వచ్చేసరికి అటెండరు దాన్ని కిటికీ అవతల ఒంపి, కడిగి, అందులోనే నాకు చాయ్ పోసి తెచ్చాడు.

"తాగు అన్నా, సారు ఇయ్యాల రాడు."

ఆ గ్లాసులో ఇప్పటికీ చాయ్ తాగను.

ఈ ఏడాది కోతలూ అయిపోయాయి. నిన్న ఒక్కడినే వాగులోకి దిగాను. తడి ఇసుక నిండిన సంచి లేవలేదు, పట్టుకున్న చోటల్లా చినిగి పోగులు నీళ్ళలో కలిశాయి. ఇద్దరు ఎత్తాలి, ఇంకొకరు కింద గోనె పరచాలి. బావ ఒడ్డు మీద నిలబడి చూసి వెళ్ళిపోయాడు.

బావా, కట్ట వేయడానికి ఇంటికొక మనిషిని పిలిచేది నువ్వే. తీయడానికి ఎప్పుడు పిలుస్తావు? వానలు పడకముందే, అందరి ముందు నవ్విన ఆ కట్ట మీదే నిలబడి చెప్పు.