నాలుగు డిగ్రీల జోస్యం, గంపెడు బెల్లం

మొన్నటి ఆదివారం మా ఇంట పద్యగోష్ఠిలో ఒక్క పద్యమైనా చివరిదాకా సాగలేదు. తప్పు కవులది కాదు, శ్రోతలది కాదు. ఆ ఘనత ఎవరిదో చిత్తగించండి!

ఇందూరులో మా మేడమీది గది వేసవిలో అక్షరాలా కుంపటి. దానిని బాగుచేయించ సంకల్పించాను. మా తమ్ముని కూతురు శ్రావణి చేసే ఉద్యోగం, పాత భవనాలు మరమ్మతు తరువాత ఎంత చల్లబడతాయో ముందే లెక్కగట్టడం. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని, ఆ పెట్టె అడిగినట్టల్లా గోడల మందం, కిటికీల దిక్కు, అన్నీ నన్నడిగి అందులో ఎక్కించింది.

“పెద్దబాపూ, కప్పుకు తెల్లపూత, గోడలకు డంగుసున్నం. గంతే! పక్క గదికంటె నాలుగు డిగ్రీలు తగ్గుతది.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఊరి ఎండలో ఒక్కపూట చెమటోడ్చని పెట్టె మా గోడకు జాతకం చెప్పడమా! “నాలుగేమిటే? పూర్వుల పద్ధతిలో ఆరు తగ్గించి చూపిస్తాను. లేదా, ఇంట్లో ఏసీ పెట్టిస్తాను!” అని గోష్ఠిమిత్రుల సమక్షంలో ప్రతిజ్ఞ చేశాను. ఏసీ గాలిలో పద్యం చచ్చిపోతుందని ఇరవై సభలలో ఉపన్యసించిన నోటితోనే సుమా!

డంగుసున్నంలో బెల్లపునీరు కలపడం ప్రాచీనాచారం. “కొంచెమే, అదీ పులిసినంక” అన్నది శ్రావణి. కొంచెమట! యంత్రానికి ఎంత పిసినారితనం! కోటగిరిలో చెరకు పండించే మా బావమరిది పంపిన బెల్లం గంపెడున్నది. చివరి పూత నాడు మేస్త్రీ ఖాదర్ చాయ్ తాగబోగా, గంపెడూ తొట్టిలో కుమ్మరించాను.

ఖాదర్ వచ్చి కట్టెతో కలిపి చూశాడు. “అరె సారూ! గిట్ల బంక బంక అయిందేంది?”

“శాస్త్రం నీకు తెలియదు. పూయవయ్యా.”

“పూస్త సారూ. ఇల్లు మీది, బెల్లం మీది.”

గోడ తేనెవన్నెతో మెరిసింది. ఆదివారం మిత్రులు వచ్చి, “ఆహా, ఏమి చల్లదనం!” అన్నారు. నేను మీసం దువ్వాను. వృద్ధుడైన మా శాస్త్రిగారు గొంతు సవరించి పద్యం ఎత్తుకున్నారు. రెండవ పాదంలో “అబ్బా!” అని తొడమీద చరుచుకున్నారు. రసావేశమనుకొని “భళా!” అన్నాను. అంతలో పక్కవారు వీపు గోక్కున్నారు. ఆ పక్కవారు పంచె దులుపుకుంటూ లేచి నిలిచారు. తలెత్తి చూద్దును గదా, తేనెవన్నె గోడ నల్లబడి కదులుతున్నది. చీమలు! కప్పునుండి నేలదాకా చీమలు!

సభ యావత్తూ కింది వసారాకు, నడిమధ్యాహ్నపు వడగాలిలోకి పరుగెత్తింది. మా ఆవిడ విసనకర్రలు పంచుతూ, “గోడకు గంపెడు బెల్లమా? మీ కవులు నాకుతరనుకున్నరా ఏంది?” అన్నది.

అప్పుడే శ్రావణి ఫోను. “ఎంత తగ్గింది, పెద్దబాపూ?”

కాళ్లు దులుపుకుంటూ పైకి పోయి రెండు గదుల ఉష్ణమాపకాలూ చూశాను. సరిగ్గా నాలుగు.

నిన్న కింది గదిలో ఏసీ బిగించారు. మేడమీది చల్లదనం చీమలు అనుభవిస్తున్నాయి. అయినా ఆ యంత్రాన్ని నేను ఒప్పుకోను. గోడల మందం అడిగింది, కిటికీల దిక్కు అడిగింది. ఇంట్లో పండితుడున్నాడా అని మాత్రం అడగలేదు!