పెద్దమలుపులో నల్లమచ్చ

బాల్‌రాజ్ వికారాబాద్ రోడ్ల ఆఫీసులో ట్రేసరు, అంటే పటాలు గీసే ఉద్యోగి. పొద్దున్నే తాండూరులో కర్చీఫు వేసి కిటికీ సీటు పట్టుకుని, ఇస్త్రీ చొక్కా నలగకుండా రైల్లో వచ్చేవాడు. ఇప్పుడు పిల్లలు కంప్యూటరు తెర మీద చిటికెలో చేసేసే పనిని ఆ రోజుల్లో అతను నల్లసిరాతో, ఊపిరి బిగబట్టి చేసేవాడు. కాగితం మీద చెమట చుక్క రాలిందా, వారం పని గంగలో కలిసినట్టే.

డెబ్బై ఎనిమిదిలో పడ్డ వానలకు అనంతగిరి ఘాటు రోడ్డు మీదికి అక్కడక్కడా మట్టి జారింది. మళ్లీ ఎక్కడెక్కడ జారే ప్రమాదం ఉందో పటం గీయించడానికి హైదరాబాదు నుంచి భూగర్భశాస్త్రం చదివిన సారు ఒకాయన వచ్చాడు. మంచి మనిషి, ఓపికగా నేర్పాడు. గుట్ట నిటారుగా ఉన్నచోట ఒక పల్చటి కాగితం మీద గీతలు. ఎర్రమట్టి వదులుగా ఉన్నచోట ఇంకో కాగితం మీద. వాననీళ్లు దిగేచోట మూడోదాని మీద. మూడూ కలిపి కిటికీ అద్దానికి ఆనిస్తే, గీత మీద గీత పడి ఎక్కడ నల్లబడితే అక్కడ గండం.

బాల్‌రాజ్ సంబరంగా ఆనించి చూశాడు. అన్నిటికంటే నల్లగా తేలింది పెద్దమలుపు. అక్కడ చంద్రవ్వ చాయ్ గుడిసె ఉంది.

చంద్రవ్వ అతని పెద్దమ్మ. తల్లి పోయాక పెంచింది ఆమే. ఘాటు ఎక్కి ఎక్కి వేడెక్కిన బస్సులు ఆ మలుపులో ఆగేవి. డ్రైవరు ఇంజనులో నీళ్లు పోసుకునేలోగా జనం దిగి చాయ్ తాగేవాళ్లు. దంచిన అల్లం ఘాటు, తడిసిన మట్టి వాసన, గ్లాసుల చప్పుడు! ఆ చాయ్ తాగినవాళ్లు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని లొట్టలేస్తారు. పెనిమిటి బతికుండగా ఇద్దరూ రాళ్లు మోసి వేసుకున్న పొయ్యి అది.

నాలుగు గీతలు తక్కువ గీస్తే అడిగే నాథుడు లేడు. కానీ ఆ చాయ్ కోసమే కదా బస్సెడు జనం గుట్ట కింద నిలబడేది! బాల్‌రాజ్ ఆ పూటంతా ఆ కాగితాలను పదేపదే అద్దానికి ఆనించి చూశాడు. గీతలు మాత్రం తుడపలేదు. కొద్దిరోజులకే గుడిసె తీసెయ్యాలని, దిగువన చదునులో జాగా ఇస్తామని ఆఫీసులో తేల్చేశారు. ఇంకొకరి నోట వినకూడదని తానే వెళ్లి చెప్పాడు.

"నా చేతి బువ్వ తిని, నా పొయ్యి మీదనే గీత గీసినవారా?" అంది చంద్రవ్వ.

గుడిసె దిగువకు మారింది, రాళ్ల పొయ్యి మాత్రం మలుపులోనే మిగిలిపోయింది. చదునులో బస్సు ఎందుకు ఆగుతుంది? బేరం పడిపోయింది. పైగా ఆ గుట్ట ఎంత మొండిదంటే, ఏటా వానలు దంచికొట్టినా బెడ్డ కదల్లేదు. బాల్‌రాజ్ వచ్చినప్పుడల్లా చంద్రవ్వ గ్లాసు ఠక్కున పెట్టి, "ఏమైందిరా నీ గుట్ట? గట్లనే ఉన్నది గద!" అనేది. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. ఒక్కసారి కూలితే ఈ దెప్పుళ్లు తప్పుతాయి కదా అనుకునేవాడు. అనుకున్నందుకు తనకు తానే సిగ్గుపడేవాడు.

ఎనభై మూడులో ముసురు పట్టి వదల్లేదు. ఒకరోజు ఆఫీసుకు రాగానే కబురు: పెద్దమలుపులో గుట్ట జారింది, రోడ్డు మూసుకుపోయింది, మనుషులకేమీ కాలేదు. బాల్‌రాజ్ గొడుగు కూడా మరిచి, ఆఫీసు సైకిలు మీద తడుస్తూ పెద్దమ్మ దగ్గరికి పోయాడు.

"పెద్దమ్మా, కూలింది! నేను గీసిన జాగలనే కూలింది!"

చంద్రవ్వ పొంగుతున్న చాయ్ దించింది.

"నా పొయ్యి?"

"మట్టి కిందికి పోయింది."

ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంది.

"నువ్వు నన్ను బతికిచ్చినవ్, నాకెరుకే. గుట్ట కూలలే, కూలలే అని నిన్నెందుకు దెప్పిననుకున్నవ్ రా? కూలకుంటే ఎన్నడన్న నన్ను వాపస్ పోనిస్తరని. ఇగ యాడికి పోవాలె?"

అప్పటిదాకా మొహం నిండా ఉన్న నవ్వును ఎక్కడ దాచుకోవాలో బాల్‌రాజ్‌కు తెలియలేదు. తడిబట్టలతోనే ఆమె పక్కన కూలబడ్డాడు. ఇన్నేళ్లూ కూలాలని కోరుకున్న గుట్ట, తన పటం తప్పై నిలబడి ఉంటే ఎంత బాగుండేదో అనిపించి ఏడ్చాడు.