సొన్నప్ప కడుపుమంట

పొద్దున లేవగానే సొన్నప్ప దేవుడి పటం చూసేవాడు కాదు, భార్య ముఖమూ చూసేవాడు కాదు. చాప మీద వెల్లకిలా పడుకునే, బొడ్డుకు బెత్తెడు పైన మూడు వేళ్లు ఆనించి నొక్కేవాడు. లోపలివాడు నిద్ర లేచాడా లేదా అని వాకబు. “ఏమప్పా, ఎట్లుండావు?” అని మెల్లగా అడిగేవాడు. చురుక్కుమందో, ఆ రోజుకు ఆయనకు కాఫీ లేదు, పచ్చిమిరపకాయ లేదు. ఇంట్లోవాళ్లకు ప్రశాంతి లేదు.

ఇది 1976 నాటి సంగతి. కన్నడనాట, నగర్తపేటలో ఒక ఇరుకు సందులో వాళ్ల ఇల్లు. ముందు గదిలో గుంటమగ్గం, వెనక గదిలో సంసారం. తాతల నాడే సీమ నుంచి పట్టు నేయడానికి వచ్చి పాతుకుపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. సొన్నప్ప వీధిలోకి వెళ్లేదే తక్కువ గనక ఆయన కన్నడమూ అంతంతమాత్రమే. చేత్తో చేసే పని ఆయనది, నోటితో చేసే పని బావమరిది నంజప్పది. భార్య పాపక్కకు నంజప్ప ఒక్కడే తమ్ముడు. తల్లి పోయాక అక్క ఇంట్లోనే పెరిగాడు. నేసిన చీరలు మూట కట్టుకుని సోమవారం సోమవారం అంగళ్లకు వెళ్లేది అతనే.

ఆ ఏడు సొన్నప్ప ఒక కొత్త అంచు గీశాడు. చింతచిగురులా జరీలో జంట ఆకులు, ఒకటి విచ్చుకుని, ఒకటి ముడుచుకుని. గళ్ల కాగితం మీద నలభై రోజులు కూచుని గీశాడు. దానికి ‘చింతాకు అంచు’ అని మనసులో పేరు పెట్టుకున్నాడు. మనసులోనే పెట్టుకున్నాడు, అక్కడే వచ్చింది చిక్కు. అంగళ్లవాళ్లకేం తెలుసు? తెచ్చినవాడు నంజప్ప గనక ‘నంజప్ప తెచ్చిన అంచు’ అన్నారు. నెల తిరిగేసరికి అది ‘నంజప్ప అంచు’ అయి కూచుంది. పెళ్లివాళ్లు వచ్చి ఆ పేరుతోనే అడిగి కొనడం మొదలుపెట్టారు. చింతాకు పోయింది, చింత మిగిలింది.

తనకేం పట్టింపు లేదని సొన్నప్ప అనుకున్నాడు. ఆ మాట కడుపు నమ్మలేదు.

మూడు నెలల్లో మనిషి సగమయ్యాడు. రాగిముద్ద మానేసి మజ్జిగన్నానికి దిగాడు. పాపం, నంజప్పకు బావ అంటే ప్రాణం. అంగళ్ల నుంచి వచ్చేటప్పుడు సోడాబుడ్డి తెచ్చి తనే కొట్టి ఇచ్చేవాడు.

“తాగు బావా, చల్లబడ్తాది. ఈ వారం నంజప్ప అంచు ఇంకో పది కావల్లంట!”

సోడా దిగకముందే మంట ఎగదన్నేది. నంజప్ప ఇంకా కంగారుపడి మరుసటి వారం రెండు సోడాలు తెచ్చేవాడు.

ఇది పుండేనని, కోత పెట్టక తప్పదని ఎదురింటివాళ్లు తేల్చేశారు. సొన్నప్పకు చావుకన్నా ఆ కోతే భయం. గుంటమగ్గంలో కూచున్నవాడు గుడ్డ చుట్టుకునే దూలానికి పొట్ట ఆనించి పొద్దుగూకులూ వంగి నేయాలి. పొట్ట కోసిన మనిషి మళ్లీ అక్కడ కూచోగలడా? మగ్గం పోతే తన దగ్గర ఇంకేం ఉంది? అంచు మీద పేరు కూడా లేదాయె.

చివరికి పాపక్క పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. డాక్టరు కన్నడాయన. పక్కన గ్రేస్ అనే నర్సు, ఆంధ్ర నుంచి వచ్చిన అమ్మాయి. అంత చదువుకున్నాయన ముందు తెలుగు కలవని కన్నడం మాట్లాడాలని సొన్నప్ప దారి పొడుగునా మాట కూర్చుకున్నాడు. కడుపు అంటే హొట్టె. మంట అంటే కిచ్చు. ఇంకేముంది?

“ఏన్రీ తొందరె?” అని డాక్టరు బాధేమిటో అడిగాడు.

“హొట్టెకిచ్చు సార్!” అన్నాడు సొన్నప్ప గట్టిగా. “మూరు తింగళింద హొట్టెకిచ్చు!”

వరసలో కూచున్న పదిమందీ ఒక్కసారి తలెత్తారు. డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

“యార మేలె?”

గ్రేస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “బాబాయ్‌గారూ, మన తెలుగులో కడుపుమంట అంటే ఒంటికీ చెల్లుతుంది, ఓర్వలేనితనానికీ చెల్లుతుంది. వీళ్ల హొట్టెకిచ్చు మాత్రం ఉత్త అసూయండీ. మూణ్ణెల్లుగా అసూయగా ఉందన్నారు మీరు. ఎవరి మీద అని డాక్టరుగారు అడుగుతున్నారు.”

గదంతా నవ్వింది. “ఎవరి మీదా లేదమ్మా!” అన్నాడు సొన్నప్ప. అన్నాడో లేదో, కడుపులో నిప్పుకణిక పడినట్టయింది. బొడ్డు పైన చెయ్యి అదుముకున్నాడు. డాక్టరు నవ్వాపి ఆయన్నే చూశాడు.

సుద్దనీళ్లలాంటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఆ వారమంతా సొన్నప్ప మగ్గాన్ని చివరిసారి చూస్తున్నట్టు చూశాడు.

“పుండు లేదు, కోత లేదు,” అంది గ్రేస్, డాక్టరు మాటలు తెలుగులో పెడుతూ. “మంట మాత్రం అబద్ధం కాదట. మనసు రగిలితే కడుపులో పులుపు ఊరుతుందట. మందు రాసిచ్చారు. కానీ రోజూ అదే కెలుక్కుంటూ ఉంటే మందొక్కటే చాలదట. ఇంతకీ ఎప్పుడెప్పుడు ఎక్కువవుతుంది?”

“ఏమో తెలీదమ్మా.”

“నాకి తెలుసు,” అంది పాపక్క. “సోమవారం. మా తమ్ముడు అంగడి నుంచి వచ్చే పొద్దుకి.”

ఆసుపత్రి గేటు దాటేదాకా ఆమె ఆయన్ని రెక్క పట్టుకుని నడిపించింది. దాటాక ఆగింది. “వాడు తినే ముద్ద నీకి మండుతా ఉండాదా? చెప్పు, వేరే ఇల్లు చూసుకోమంటా.”

ఇన్నాళ్లూ నోరు మెదపని మనిషికి ఆ అపవాదుతో మాట పెగిలింది. “ముద్ద కాదే! అంచు! ఆ అంచు నాది! నలభై రోజులు గీసినా నేను!” అని నడివీధిలో అరిచాడు. సైకిలు మీద పోతున్నాయన ఏం పోయిందోనని దిగి చూశాడు.

పాపక్క ముందు తెల్లబోయింది, తర్వాత గోడ పట్టుకుని నవ్వింది. “ఓరి దేవుడా! దీనికా సుద్దనీళ్లు తాగినావు?”

“నువ్వే చెప్పు వానికి.”

“నేనెందుకప్పా? నేను చెప్తే నా నోరు చల్లబడ్తాది, నీ కడుపు కాదు. నువ్వే చెప్పల్ల.”

సోమవారం నంజప్ప సోడా కొట్టబోతుంటే సొన్నప్ప చెయ్యి పట్టుకున్నాడు. నేల చూపులు చూస్తూ, సగం మాటలు మింగుతూ మొత్తానికి చెప్పేశాడు. నంజప్ప ముఖం వాడిపోయింది. సోడాబుడ్డి పక్కన పెట్టాడు.

“వాళ్లు నా పేరు పెట్టినప్పుడు వద్దనే అంటి బావా,” అన్నాడు. “అంటి గానీ, గట్టిగా అనలేదు. యాలంటే... కొంచెం బాగుండె.”

సొన్నప్ప తలెత్తి చూశాడు. మూడు నెలల్లో మొదటిసారి నవ్వాడు. “బాగుండదా మరి! నీకి అంత బాగుంటేనే కదా నాకి ఇంత మండింది!”

పై సోమవారం నంజప్ప ఒంటరిగా కదలనన్నాడు. బావను లాక్కుపోయి, పెద్ద అంగట్లో అందరి ముందూ నిలబెట్టి, “ఈయన మా బావ. అంచు గీసింది ఈయన, నేను ఉత్త మూటోణ్ణి,” అన్నాడు. అంగడాయన కళ్లజోడు సవరించుకుని సొన్నప్పకు నమస్కారం పెట్టాడు. కాస్త ఆలోచించి, “ఐతే ఇంకమీద నంజప్ప బావ అంచు అందామప్పా,” అన్నాడు.

నంజప్ప భయంభయంగా బావ పొట్ట వైపు చూశాడు. పొట్ట కాస్త చురుక్కుమంది. సొన్నప్ప దాన్ని పట్టించుకోకుండా, జరీ సన్నబడితే ఆకు ఎలా విచ్చుకోదో అంగడాయనకు విప్పి చూపించడంలో పడ్డాడు. అరగంట మాట్లాడాడు. కన్నడంలోనే.

మంట ఒక్కరోజులో పోలేదు. ఆ ఏడాదంతా తగ్గుతూ, కొత్త అంచు గీసినప్పుడల్లా కాస్త రేగుతూ, మెల్లగా సన్నగిల్లింది.

సొన్నప్పకిప్పుడు ఎనభై దాటాయి. దగ్గర్లోని హొసకోటెలో ఉంటాడు. ప్రతి సోమవారం నంజప్పతో కలిసి బస్సెక్కి నగర్తపేట అంగళ్లకు వెళ్లి వస్తాడు.