మూత తీయని మరచెంబు

నా చిన్నప్పుడు నా నోరు కంపు కొట్టేది. ఈ మాట రాయడానికి ఇప్పుడు నాకేమీ సిగ్గు లేదు. ఆ విషయంలో సిగ్గుపడాల్సింది నేను కాదని మా నాయనమ్మ ఒకరోజు అందరి ముందూ తేల్చి పారేసింది. ఆ రోజు గుర్తొస్తే ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. ఈమధ్య నవ్వు తగ్గి మంటే ఎక్కువైంది. దానికీ ఒక కారణం ఉంది, చెబుతాను.

మాది ఆమదాలవలసకు అవతల, పొలాల మధ్య ఒక పల్లె. బడి ఊరికి దూరంగా ఉండేది. చుట్టూ వరి మళ్లు, దగ్గరలో ఒక్క ఇల్లు లేదు. నేను ఏడో తరగతిలో ఉండగా నా పక్కన కూర్చునే పిల్ల ఒకనాడు బెంచీ చివరికి జరిగింది. మర్నాడు ఏకంగా వేరే బెంచీకి పోయింది. ఎందుకో నాకు తెలియలేదు. పద్యం అప్పజెప్పడానికి లేచి నిలబడినప్పుడు హెడ్మాస్టారు వెనక్కి అడుగు వేసి, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పమన్నారు. అప్పుడు తెలిసింది. క్లాసంతా నవ్వింది. ఆ బడిలో నాకున్న గొప్పల్లా పద్యం బాగా చెబుతానన్నదే. ఆ రోజు అరచేతిలోకి చెప్పిన పద్యం నాకే వినబడలేదు. ఆ తర్వాత నన్ను చివరి కిటికీ దగ్గర ఒక్కదాన్నీ కూర్చోబెట్టారు. గాలి బయటికి పోతుందట.

ఇంట్లో చెప్పాక అందరూ వైద్యులైపోయారు. మా అమ్మ లేత వేపపుల్ల విరిచి ఇచ్చి, పళ్లు తోమాక అదే పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకోమంది. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమంది. మేనత్త జామచిగుళ్లు నమలమంది. పక్కింటి అక్క లవంగం బుగ్గన పెట్టుకోమంది. ఎవరో సోంపు అన్నారు, ఎవరో ఏలకులు అన్నారు. అవన్నీ మంచివే. ఇప్పటికీ నేను నాలుక గీసుకోకుండా కాఫీ ముట్టను. కానీ పొద్దున్న ఇంట్లో శుభ్రంగా ఉన్న నోరు మధ్యాహ్నానికి బడిలో మళ్లీ మామూలే. నమిలీ నమిలీ దవడలు నొప్పెట్టేవి తప్ప ఫలితం లేదు.

చివరికి నింద మా నాయనమ్మ మీద పడింది. ఆవిడ అడ్డపొగ తాగేది. అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. మా వైపు పాతకాలపు ఆడవాళ్లకు అది అలవాటు. నేను ఆవిడ పక్కనే పడుకుంటాను కాబట్టి ఆ కంపే నాకు అంటుకుందని మా అమ్మ నా పక్క తీసి వేరే గదిలో వేసింది. నాయనమ్మ లేచి చుట్టల కట్ట తీసుకెళ్లి చూరులో దోపేసింది. చుట్ట లేని నాయనమ్మతో కాపురం చేయడం ఎంత కష్టమో ఆ రోజుల్లో మా ఇంటిల్లిపాదికీ తెలిసొచ్చింది. కుక్కను తిట్టేది, కోళ్లను తిట్టేది, వానను కూడా తిట్టేది. అయినా నా నోటి కంపు పోలేదు.

నేను బడి మానేస్తానన్నాను. మా అమ్మ పెద్దగా బాధపడలేదు. ఊడ్పుల రోజులు, మా వైపు ఉబాలంటారు, చేలల్లో మనుషులు చాలడం లేదు. "మానేత్తే మానేసింది, నాతోపాటు ఉబాలకొస్తాది" అంది. అంతే, నా చదువు గురించి మా ఇంట్లో జరిగిన చర్చ అంతే. నాయనమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఇత్తడి మరచెంబు తోమి, నిండా నీళ్లు పోసి, మర బిగించి నా చేతికిచ్చింది. జాడీలోంచి ఉప్పులో ఊరిన పెద్ద ఉసిరికాయ తీసి బాదం ఆకులో చుట్టి ఇచ్చింది. ఉసిరికాయ తింటే నోరు ఊరుతుంది, దాని మీద నీళ్లు తాగితే తియ్యగా ఉంటాయి. సాయంత్రానికి చెంబు ఖాళీ అయిపోవాలని ఆవిడ ఎత్తు. ఆ జాడీకి ఆవిడ కాపలా కాసేదే నా భయానికి. ఉసిరికాయ దొరికితే నేను వదలనని ఇంట్లో అందరికీ తెలుసు.

సాయంత్రం వచ్చి సంచీ కింద పడేశాను. చెంబు బరువుగా చప్పుడైంది. నాయనమ్మ సంచీ విప్పింది. ఉసిరికాయ ఆకులో చెక్కుచెదరకుండా ఉంది. అప్పుడు ఆవిడ ముఖం మారడం చూశాను.

"ఉసిరికాయ ముట్టనేదేటే? సుక్క నీల్లు తాగనేదు. ఏటైనాది? సెప్పు."

"తాగితే వస్తాది కదే నాయనమ్మా. ఎక్కడికెల్తాను?"

అప్పటిదాకా ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. మగపిల్లలు చేను గట్టు మీద నిలబడేవారు. మాకు చుట్టూ పొలాలు, పొలాల నిండా మనుషులు. బడి వెనక ఒక మరుగుదొడ్డి ఉండేది. దానికి తాళం, తాళంచెవి హెడ్మాస్టారి జేబులో. ఆడపిల్లలకిస్తే పాడు చేస్తారట. అందుకని మేం పొద్దున్న చోడి అంబలి తాగేవాళ్లం కాదు, మధ్యాహ్నం పెదవులు తడుపుకునేవాళ్లం, బడి వదలగానే ఇళ్లకు పరిగెత్తేవాళ్లం. పెద్ద పిల్లలను చూసి నేర్చుకున్నాం. మా పెద్ద పిల్లలు కూడా ఎంతోకాలం బడిలో ఉండేవారు కాదనుకోండి. ఖాళీ కడుపు, పొద్దస్తమానం ఎండిన నోరు. కంపు కొట్టక ఇంకేం చేస్తుంది?

నాయనమ్మ చెంబు ఒళ్లోకి తీసుకుంది. "ఇన్నాల్లూ నీ సేత ఆకులు నమిలించామే" అంది. గొంతు వణికింది. అది ఏడుపు కాదని మర్నాడు తెలిసింది.

మర్నాడు ఆవిడ అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి ముంతెడు మజ్జిగ చేసి నాతో బడికి వచ్చింది. హెడ్మాస్టారు రోజూ రైలు దిగి, స్టేషను నుంచి సైకిలు తొక్కుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చేవారు. నాయనమ్మ ఎంతో మర్యాదగా గ్లాసు అందించింది. ఎండన పడి వచ్చారు, ఇంకొంచెం తాగండి బాబూ అంటూ గ్లాసు మీద గ్లాసు పోసింది. ఆయన మా ఇంటి మజ్జిగను మెచ్చుకున్నారు కూడా. ముంత ఖాళీ అయ్యాక ఆవిడ నేరుగా బడి వెనక్కి వెళ్లి, మరుగుదొడ్డి తలుపుకు వీపు ఆనించి, మెట్టు మీద చతికిలబడింది.

చివరి కిటికీలోంచి నాకు అంతా కనబడుతూనే ఉంది. కంపు పోవడానికి వేసిన చోటు అలా పనికొచ్చింది. ఎండ పైకొచ్చేసరికి హెడ్మాస్టారు తాళంచెవి పట్టుకుని వెళ్లారు, ఆవిడను చూసి వెనక్కి వచ్చారు. కాసేపాగి మళ్లీ వెళ్లారు. గట్టు మీదికి పోదామంటే చుట్టూ మళ్లలో ఊరి ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. పెద్దమనిషి, పంచెకట్టు, ఎక్కడికని పోతారు? మూడోసారి గట్టిగా కేకలేశారు, లేవమన్నారు.

"అవసరమా బాబూ? ఓర్సుకోండి. మా ఆడగుంటలు పొద్దుగూకులా ఓర్సుకుంటన్నారు. మీరు సదువుకున్నోరు, మీకింకా బాగా సేతనౌతాది."

ఆయన నన్ను బడిలోంచి తీసేస్తానన్నారు. తీసెయ్యండి, అది మానేస్తాననే అంటంది, నాను మాత్రం రోజూ వస్తాను, మజ్జిగ తెస్తాను అంది నాయనమ్మ. మడిలో ఒకావిడ నడుము ఎత్తి చూసి నవ్వింది. తర్వాత ఆ మడి అంతా నవ్వింది. మా అమ్మ కూడా అందులోనే ఉంది. నారుకట్ట చేత్తో పట్టుకుని, నవ్వకుండా, ఆ తలుపు వైపే చూస్తూ నిలబడిపోయింది.

తాళంచెవి ఆవిడ చేతిలో పడింది. తలుపు తీసింది. హెడ్మాస్టారు ముందుకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు గుంటలు" అంది. బడిలో ఉన్న ఆడపిల్లలందరం వరసగా నిలబడ్డాం. ఆయన మా వెనక నిలబడ్డారు. ఆయన ముఖం నేను ఇప్పటికీ మరిచిపోలేదు, మరిచిపోను కూడా. ఆ తర్వాత ఆవిడ తలుపు పక్క గోడకు, మాలో అందరికంటే చిన్న పిల్లకు చెయ్యి అందేటంత ఎత్తులో మేకు కొట్టించి, తాళంచెవి దానికి తగిలించింది. ఇంటికి రాగానే చూరులోంచి చుట్ట తీసి వెలిగించింది. చుట్ట మంచిది కాదు, నాకు తెలుసు. ఆ ఒక్కరోజుకీ నేనేమీ అనను.

అంబలి తాగి, నీళ్లు తాగి, ఉసిరికాయ చప్పరించాక నా నోరు మామూలైపోయింది. వేపపుల్ల, ఉప్పునీళ్లు కూడా అప్పుడే పనిచేయడం మొదలుపెట్టాయి. దూరంగా జరిగిన పిల్ల తిరిగి నా పక్కకొచ్చింది. నీళ్లు తాగని దాని నోరూ అన్నాళ్లూ అలాగే ఉండేదని నేను చెప్పలేదు. నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఇప్పుడు పింఛను తింటున్నాను.

ప్రస్తుతం విజయనగరంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్న మా మనవరాలు నాతో మాట్లాడుతూ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. మా కోడలు అప్పటికే నోట్లో కొట్టుకునే స్ప్రే కొనిచ్చిందట, ఫోనులో చూసి లవంగాల నీళ్లు కాచిందట. నేను లేచి, బడిసంచీలోంచి నీళ్ల సీసా తీశాను. నిండుగా, బరువుగా ఉంది. పొద్దున్న ఎలా వెళ్లిందో అలాగే వచ్చింది.

మనవరాలి బడిలో మరుగుదొడ్లు వరసగా ఉన్నాయట, గోడలకు పలకలు కూడా వేశారట. లోపల గడియ ఊడిపోయింది, కుళాయిలో నీళ్లు రావు. పాఠం మధ్యలో అడిగితే సారు కూర్చోమంటారు, గంట కొట్టాక వెళ్తే వరసలో వంతు రాదు. పెద్ద క్లాసు అక్కలు నీళ్లు తాగొద్దని నేర్పారట. నేను విన్న మాటలే. ఇన్నేళ్లకు అదే మాట మళ్లీ, మా ఇంట్లో, మా పిల్ల నోట! నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మా కోడలు గొడవ చేయొద్దంటోంది, పిల్ల మీద కక్ష కడతారని దాని భయం. దాని భయం నాకు అర్థమవుతుంది. కానీ నాయనమ్మ మరచెంబు ఇంకా నా దగ్గరే ఉంది.

ఇందాక దాన్ని చింతపండుతో తోమి పెట్టాను, పాలకు తోడు వేశాను. ప్రిన్సిపాలు గారు ఎండన పడి రారట, ఏసీ గదిలోనే ఉంటారట. పరవాలేదు, మర్యాదగా పోస్తే మజ్జిగ ఎవరైనా తాగుతారు.