కలుపు మందూ, పెద్దమ్మ గునుగూ

ఆ రోజుల్లో మా ఇంట్లో చదువుకున్నవాడికి ఉన్న ఏకైక ఉద్యోగం, మందు డబ్బాల మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసింది చదివి వినిపించడం. డిగ్రీ అయిపోయి, పరీక్షల మీద పరీక్షలు రాస్తూ, ఏ ఫలితాల్లోనూ నా నంబరు కనబడక, హుజూరాబాద్ దగ్గరి మా ఊళ్లో తిని కూర్చుంటున్న కాలమది. బాపు నన్ను ఒక్క మాట కూడా అనేవాడు కాదు. అదే నాకు ఎక్కువ బాధ. (తిట్టే తండ్రి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఎదురు మాట్లాడి, తలుపు దబాలున వేసి బయటికి పోవచ్చు.) అందుకే ఆ వానాకాలం ఒకరోజు బాపు సంచిలోంచి కలుపు మందు డబ్బా తీసి, "గిది జర సదువురా" అన్నప్పుడు నాకు కొలువు దొరికినంత సంబరమైంది.

ఊరి చివర మాకొక గడ్డి బీడు ఉండేది. పచ్చిగా ఉన్నన్నాళ్లు కోసి బర్రెలకు వేసేవాళ్లం, మిగిలింది ఎండబెట్టి ఎండాకాలానికి వాము పెట్టుకునేవాళ్లం. కొన్నేళ్లుగా దాంట్లో గడ్డి తగ్గిపోయి వయ్యారిభామ, గునుగు, పేరు తెలియని ఆకు మొక్కలు పెరిగిపోయాయి. పీకిద్దామంటే కూలీలంతా పత్తి చేన్లలోనే. బాపు పోయి మందుల దుకాణంలో మొర పెట్టుకుంటే దుకాణదారు ఈ డబ్బా చేతిలో పెట్టాడట. ఇది వెడల్పు ఆకుల మొక్కలను మాత్రమే చంపుతుంది, సన్నాకు గడ్డిని ముట్టుకోదు. డబ్బాతో వచ్చిన కాగితాన్ని నేను అరుగు మీద కూర్చుని పొద్దంతా చదివాను. పోటీ పరీక్షల పుస్తకాలను అంత శ్రద్ధగా చదివి ఉంటే ఈపాటికి తహసీల్దారును అయ్యేవాణ్ణి.

కాగితం నిండా జాగ్రత్తలే. గాలి వీచేటప్పుడు కొట్టకూడదు, కళ్లకూ చేతులకూ తగలకూడదు, చెరువులో వాగులో కలవకూడదు, రాసినన్ని రోజులు పశువులను ఆ గడ్డి మీదికి తోలకూడదు. అన్నింటికంటే పెద్ద అక్షరాల్లో, పత్తి చేను పక్కన ఉంటే మరీ పైలం, దీని తుంపర తగిలితే పత్తి ఆకు ముడుచుకుపోతుంది అని. మా బీడుకు ఆనుకుని ఉన్నది పత్తి చేనే. దాని ఆసామిని నేను మామా అని పిలుస్తాను (చుట్టరికం ఏమీ లేదు, మా ఊళ్లో పక్క చేను వాళ్లంతా మామలే). ఇక నన్ను పట్టేవాడు లేడు. నోటికి తువ్వాల, ఒంటికి వాన కోటు, చేతులకు పాల ప్యాకెట్లు తెచ్చే కవర్లు రబ్బరు బ్యాండ్లతో కట్టి, నెత్తి మీద హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాను. అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూసి, అది ఎటూ పోకుండా నిటారుగా లేచిన పొద్దే పని మొదలుపెట్టాను.

"ఏందిరా గీ వేషం? చంద్రుని మీదికి పోతున్నవా, బీడుకు పోతున్నవా?" అన్నాడు మామ గట్టు మీద నిలబడి.

"నీ పత్తి కోసమే మామా. గీ మందు గాలికి వస్తే నీ చేను ఆగమైతది. అందుకే నీ దిక్కు గట్టు పొంటి కొట్టుత లేను."

"మంచిగనే ఉన్నది గని, అయినంక పంపు మాకియ్యి. మాపటికి పత్తికి పురుగుల మందు కొట్టాలె."

మా ఊళ్లో ఒక వింత పద్ధతి ఉండేది. స్ప్రే పంపు ఎవరు కొన్నా అది ఊరిదే. ఇంటిల్లిపాదికీ తిండి లేకపోయినా పంపు అడిగితే లేదనకూడదు. నేను లేదన్నాను. ఎంత కడిగినా అడుగున మందు చుక్క మిగిలితే, అది పత్తి మీద పడితే కొంప మునుగుతుందని కాగితంలో ఉంది. పంపు మీద ఎర్ర రంగుతో పెద్ద గుర్తు కూడా పెట్టాను. మామ మొహం ముడుచుకుని పోయాడు. బాపు ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "పంపు అడిగితే లేదన్న ఇల్లు మనదొక్కటే అయింది" అని మాత్రం అన్నాడు. మామ దసరా దాకా మా అరుగు ఎక్కలేదు.

మందు కొట్టిన రోజు బీడు దగ్గరికి మా పెద్దమ్మ కూడా వచ్చింది. పెద్దమ్మంటే బాపు వాళ్ల అన్న భార్య. పెద్దబాపు పెళ్లయిన కొత్తలోనే బావి పనిలో పోయాడు. పిల్లలు లేరు. అప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే ఒక అర్రలో ఉండేది. మా ఇంటి పద్ధతిలో మొగుడు పోయిన ఆడది బతుకమ్మ పేర్చకూడదు, ఆడకూడదు. ఆ పద్ధతిని ఎవరు పెట్టారో తెలియదు, మా అవ్వతో (అమ్మను మేం అలాగే పిలుస్తాం) సహా ఎవరూ కాదనలేదు. అందుకని పెద్దమ్మ తనకొక పని పెట్టుకుంది. పండుగ వచ్చిందంటే తెల్లారి లేచి మా బీడులో గునుగు కోసేది. తెల్లటి ఆ కంకులను గులాబి, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో ముంచి, ఆరబెట్టి, కట్టలు కట్టి అరుగు మీద పెట్టేది. వాడకట్టులోని ఆడవాళ్లంతా వచ్చి పట్టుకుపోయేవాళ్లు. పేర్చేది వాళ్లయినా ప్రతి బతుకమ్మలోనూ పెద్దమ్మ గునుగు ఉండేది. వాళ్లు ఆడుతుంటే దూరంగా గోడ పక్కన నిలబడి, ఏ కట్ట ఎవరి బతుకమ్మలో ఉందో చూసుకునేది.

ఆమె వచ్చి, నేను కొడుతున్నది కాసేపు చూసింది.

"గునుగు గూడ పోతదా బిడ్డా?"

"అన్ని పోతయ్ పెద్దమ్మా. ఆకు వెడల్పుగ ఉన్నది ఒక్కటి మిగలది."

హెల్మెట్ లోంచి నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. పెద్దమ్మ ఇంకేమీ అనలేదు. నా విద్యకు ఆశ్చర్యపోయి మాట రాలేదేమో అనుకున్నాను. (ఆ వయసులో ఎదుటివాళ్లు ఊరుకుంటే అది మెచ్చుకోలే అనిపించేది.)

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆకు మొక్కలన్నీ మెలికలు తిరిగి, పసుపు పచ్చబడి, నేల కరిచాయి. మామ పత్తి ఆకు ఒక్కటి కూడా ముడుచుకోలేదు. గడువు దాటేదాకా బర్రెలను ఇంటి దగ్గరే కట్టేసి, గడ్డి బయట నుంచి మోసుకొచ్చాను. తర్వాత బీడు నిండా గడ్డి మోకాలెత్తు లేచింది. బాపు గట్టు మీద నిలబడి "సదువు అక్కరకొచ్చిందిరా" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నానో అన్నప్పుడే తెలిసింది. అవతలికి తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత పండుగ వచ్చింది. పెద్దమ్మ ఎప్పటిలాగే గంప పట్టుకుని బీడుకు పోయింది, ఖాళీ గంపతో తిరిగి వచ్చింది. బీడు పచ్చగా, ఒక్క తెల్ల కంకి లేకుండా ఉంది. ఎంత శుభ్రంగా ఉందంటే నాకే చూడబుద్ధి కాలేదు. పక్క చేన్లు చూస్తే వాటిలోనూ ఏవో కలుపు మందులు పడ్డాయి. మధ్యాహ్నం నుంచి ఆడవాళ్లు రావడం మొదలైంది. "పెద్దవ్వా, గునుగు" అని ఒక్కొక్కరూ అరుగు దగ్గర ఆగుతున్నారు. "గీసారి లేదు బిడ్డా" అని ఆమె ఒక్కొక్కరికీ చెబుతోంది. నేను లోపల కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఆఖరికి తట్టుకోలేక బండి తీసి హుజూరాబాద్ మార్కెట్‌కు పోయి, రంగులద్దిన గునుగు కట్టలు బండికి రెండు వైపులా వేలాడదీసుకుని వచ్చాను. వెనక నుంచి చూసిన పిల్లలు నన్ను కదిలే బతుకమ్మ అనుకుని చప్పట్లు కొట్టారు.

పెద్దమ్మ కట్టలను చేత్తో తడిమి చూసింది.

"మంచిగున్నయ్ బిడ్డా. గని కొన్న పువ్వు నా చేతుల మీదుగ ఎందుకు? పైసలిస్తె ఎవలకైన దొరుకుతది."

అవి తీసుకుని అవ్వకిచ్చింది. ఆ సాయంత్రం గోడ పక్కకు రాలేదు. తలనొప్పి అని అర్రలో పడుకుంది. ఆడవాళ్ల పాటలు మా ఇంటి దాకా వినబడుతూనే ఉన్నాయి. నా మీద నాకు పట్టరానంత కోపం వచ్చింది. కాగితంలో మనిషి ఉన్నాడు, పశువు ఉంది, నీళ్లున్నాయి, పక్కవాడి పంట ఉంది. పెద్దమ్మ లేదు. ఆ కాగితం రాసినవాడికి ఆమె తెలియదు. నాకు తెలుసు.

మరుసటి ఏడు మందు కొట్టవద్దని బాపును బతిమాలాను. ఎందుకని ఆయన అడగలేదు. మందు మొక్కను చంపింది గాని నేలలోని గింజను ఏమీ చేయలేదట, వానలు పడగానే గునుగు మళ్లీ వచ్చింది. పెద్దమ్మ మొహం చూడాలి. బీడులోనే పొద్దంతా గడిపి, గంపలకు గంపలు మోసి, అరుగంతా రంగులు చేసి కూర్చుంది. మధ్యాహ్నం అయింది, ఎవరూ రాలేదు. సాయంత్రమయ్యే సరికి ఆమె వీధి వైపు చూడడం మానేసి కట్టలనే సర్దుతూ కూర్చుంది.

"నేనిచ్చొస్త పెద్దమ్మా. ఇయ్యాల పనుల్ల మరిచిపోయినట్టున్నరు" అని కట్టలన్నీ ఎత్తుకుని బయల్దేరాను. ఇరవై దాటిన మగాడు చంకల నిండా గులాబి పూలతో గుమ్మం గుమ్మం తిరుగుతుంటే ఊరు ఊరంతా నవ్వింది. నవ్వు సంగతి సరే, కట్టలు ఎవరూ తీసుకోలేదు. "అయ్యో, మొన్ననే మార్కెట్ల తెచ్చుకున్నం" అన్నారు ఒకరు. "పెద్దవ్వకు ఎందుకు తక్లీబు అని కొనుక్కున్నం" అన్నారు ఇంకొకరు. నిజంగానే ప్రేమతో అన్నారు. ఒక్క ఏడాదిలోనే వాళ్లకు కొనడం అలవాటైపోయింది. మామ భార్య మాత్రం ఒక కట్ట అందుకోబోయి, పాత పంపు సంగతి గుర్తొచ్చిందేమో, చేయి వెనక్కి తీసుకుంది.

కట్టలన్నీ మా కొట్టం వెనక పెంట మీద పడేసి ఇంట్లోకి వచ్చాను. "అందరు తీస్కున్నరా?" అంది పెద్దమ్మ. "అందరు తీస్కున్నరు" అన్నాను. ఆమె తల ఊపింది.

తెల్లారి పెద్దమ్మ కొట్టంలోంచి పిలిచింది. పోయి చూస్తే మా పెద్ద బర్రె తాడు తెంపుకుని, పెంటకూ గాటికీ మధ్య నిలబడి, ఎంతో తృప్తిగా నెమరేస్తోంది. మూతి గులాబి, ముక్కు ఆకుపచ్చ, పెదవుల మీద ఊదా. (వెడల్పు ఆకుల మందు కొట్టి గడువు దాటేదాకా గడ్డి ముట్టనివ్వనివాణ్ణి, రంగు డబ్బాల రసాయనం దానికి భోజనంగా పెట్టానన్న మాట.) పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "ఏం గాదు, పాలు రెండు పూటలు పారబోయుండ్రి, పేడ రంగు మారితే ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

నేను పెద్దమ్మ మొహం చూడలేక నేల చూస్తున్నాను. ఆమె తడి గుడ్డ తెచ్చి బర్రె మూతి నెమ్మదిగా తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ నవ్వింది.

"ఒక్కతన్న తీస్కున్నది తియ్ బిడ్డా."

నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడ్చేవాణ్ణి.

ఆ పై ఏటి నుంచి పెద్దమ్మ గునుగు కోయడానికి పోలేదు. అడిగితే మోకాళ్లన్నది. ఇప్పుడామె లేదు. నాకు కరీంనగర్‌లో చిన్న కొలువు దొరికింది, పండుగకు మార్కెట్‌లోనే పూలు కొంటాను. ఏది చస్తుందో ఏది మిగులుతుందో చూడకుండానే చెప్పగలనని ఒకప్పుడు అనుకున్నాను. అంత ధీమాగా మాట్లాడిన ఆ పిల్లాణ్ణి తలుచుకుంటే కోపం రాదు. ముందు నవ్వు వస్తుంది, కాసేపయ్యాక పెద్దమ్మ గుర్తొస్తుంది.